మ్యాగజైన్ మార్చాలా, ర్యాంప్ పాలిష్ చేయించాలా?

మన దగ్గర మామూలు లైసెన్సుకు 9 ఎంఎం తూటా పిస్టల్ రాదు కాబట్టి, వరంగల్‌లో సెకండ్‌హ్యాండ్ పిస్టల్ అంటే దాదాపు .32 సైజు తూటాది అనే అనుకోవాలి. తూటా చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక అది కూర్చునే గదిలోకి) ఎక్కక మధ్యలో ఇరుక్కుంటుంటే రెండు సలహాలు వినిపిస్తాయి: మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) మార్చు, లేదంటే తూటాను చాంబర్‌లోకి ఎక్కించే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్, పాలిష్ చేయించు. నా ఓటు మొదటిదానికే.

పాత పిస్టల్‌లో ముందుగా నీరసపడేది సాధారణంగా మ్యాగజైన్ స్ప్రింగే. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి వెళ్లి వచ్చేలోపు అది తర్వాతి తూటాను పైకి నెట్టలేకపోతుంది. మ్యాగజైన్ పైఅంచులు కాస్త వంగినా తూటా ముక్కు తప్పు కోణంలో లేస్తుంది. ఇంకో మ్యాగజైన్ పెట్టి షూటింగ్ రేంజ్‌లో చూస్తే తేలిపోతుంది: ఇబ్బంది పోతే పాతదాన్ని పక్కన పడేయండి. .32తో ఇంకో పేచీ ఉంది. దాని తూటా అడుగున చిన్న అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. పై తూటా అంచు కిందిదాని అంచుకు వెనక పడితే రెండూ పెనవేసుకుంటాయి. నింపేటప్పుడే పైదాన్ని ముందుకు ఉంచాలి. దీనికి ఖర్చేమీ లేదు!

ర్యాంప్ సంగతి వేరు. శుభ్రం చేశాక కూడా, ఏ మ్యాగజైన్ పెట్టినా ముక్కు ఒకేచోట తగులుతుంటేనే దాని జోలికి వెళ్లాలి. అరగదీసిన లోహం తిరిగి రాదు. ఎక్కువ తీస్తే ఖోకాకు (తూటా వెనకుండే లోహపు తొడుగుకు) ఆసరా తగ్గి పగిలే ప్రమాదం. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకూ లైసెన్సు ఉండాలి. తెలిసినవాడని లేత్ షాపుకు ఇవ్వకండి.