న్యూఆర్క్ జాజ్ ఆర్కైవ్, దాన్ని నడిపే మనుషులు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకి న్యూఆర్క్ అంటే ఎయిర్‌పోర్టు. ఊళ్లోకి వెళ్లే పని ఎవరికీ పెద్దగా పడదు. జాజ్ గాయని సారా వాన్, శాక్సఫోన్ వాయించే వేన్ షార్టర్ పుట్టిన ఊరది. అక్కడి రట్గర్స్ యూనివర్సిటీ క్యాంపస్‌లో, డానా లైబ్రరీ నాలుగో అంతస్తులో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్ ఉంది. జాజ్ మీద ప్రపంచంలో ఉన్న అతి పెద్ద ఆర్కైవుల్లో, అంటే పాత రికార్డులూ కాగితాలూ భద్రపరిచే చోట్లలో, అదొకటి. రికార్డులే లక్షకు పైగా ఉన్నాయి. పుస్తకాలు, పాత పత్రికలు, ఫొటోలు, సంగీతాన్ని చేత్తో రాసుకున్న స్కోర్లు, పాతతరం దిగ్గజం లెస్టర్ యంగ్ వాయించిన శాక్సఫోన్ లాంటివి వేరే.

నాది ఎడిసన్‌లో ఐటీ ఉద్యోగం. చిన్నప్పుడు విజయవాడలో కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నాను. డిగ్రీలు లేవు, పరిశోధకుణ్ని కాను, సరదా కొద్దీ వెతికేవాణ్ని. అలాంటివాణ్ని కూడా అక్కడ కూర్చోబెట్టి పని చేసుకోనిచ్చారు కాబట్టే ఈ సమీక్ష రాస్తున్నాను. అక్కడున్న సామాను గురించి గూగుల్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. నేను చెప్పేది ఆ చోటు నడిపేవాళ్ల గురించి.

మొదట నేను వెతికింది 1958 నాటి మద్రాసు సంగతి. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం పియానిస్టు డేవ్ బ్రూబెక్ క్వార్టెట్‌ను, అంటే నలుగురి బృందాన్ని, పోలండ్, టర్కీ మీదుగా మన దేశానికి కూడా పంపింది. మద్రాసులో వాళ్లకి పళని సుబ్రహ్మణ్య పిళ్లైతో పరిచయమైంది. ఎడమచేతి వాటం మృదంగంతో కచేరీలను ఒక ఊపు ఊపిన మనిషి ఆయన. బ్రూబెక్ డ్రమ్మర్ జో మోరెల్లో ఆయన తాళం లెక్కలకి దాసోహం అయిపోయాడని చదివి, దీని గురించి ఇంకా ఏం దొరుకుతుందా అని ఆర్కైవ్‌కి ఒక ఈమెయిల్ పెట్టాను. ఎవడో తెలియని మనిషి రాసిన నాలుగు లైన్లకి జవాబు వస్తుందని పెద్దగా ఆశ లేదు.

ఆ వారంలోనే వచ్చింది. మొదటి వాక్యంలోనే బ్రూబెక్ కాగితాలు తమ దగ్గర లేవని చెప్పేశారు. అప్పట్లో అవి కాలిఫోర్నియాలో, స్టాక్‌టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్‌లో ఉండేవి. ఇప్పుడు కనెక్టికట్‌లోని విల్టన్ ఊరి లైబ్రరీకి చేరాయి. అక్కడికి ఎలా రాయాలో చెప్పి, తమ దగ్గర మాత్రం ఆ ఏడాది డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక సంచికలున్నాయని, వస్తే తీసి పెడతామని రాశారు. చివర్లో ఒక ప్రశ్న: మీరు వెతుకుతున్నది మృదంగం వైపు నుంచా, డ్రమ్స్ వైపు నుంచా? ఆ ప్రశ్నతో నా వెతుకులాటే మారిపోయింది. అప్పటిదాకా నేను బ్రూబెక్ పేరు పట్టుకుని తిరుగుతున్నాను. ఆ తర్వాత మోరెల్లో ఇంటర్వ్యూలు చదవడం మొదలుపెట్టాను.

"మా దగ్గర లేదు, ఫలానా చోట ఉంది" అని చెప్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది. అది తేలిక కాదు. దానికి తమ అల్మారాలతో పాటు పక్కవాళ్ల అల్మారాల సంగతీ తెలిసుండాలి. ఇంకో చోట, పేరెందుకు గానీ, ఇలాంటి ప్రశ్నే అడిగితే నెలల తరబడి జవాబు లేదు. తీరా వచ్చింది ఆటోమేటిక్ రిప్లై. అక్కడ ఫారం నింపాలంటే ఏ పెట్టె కావాలో నెంబరు వేయాలి. పెట్టె నెంబరు నాకెలా తెలుస్తుంది, నేను వెతకడానికి వచ్చినవాణ్ని కదా!

న్యూఆర్క్ వాళ్లకి ఈ అలవాటు మొదటి నుంచీ ఉన్నట్టుంది. దీన్ని 1952లో స్థాపించిన మార్షల్ స్టెర్న్స్ ఉద్యోగరీత్యా ఇంగ్లీషు ప్రొఫెసర్, చాసర్ అనే పాతకాలపు ఇంగ్లీషు కవి నాటి సాహిత్యం చెప్పేవాడు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో తన అపార్ట్‌మెంట్‌లోనే రికార్డులూ పుస్తకాలూ పేర్చి, కావాలని వచ్చినవాళ్లకి తలుపు తీసేవాడు. 1956లో ట్రంపెట్ వాయించే డిజీ గిలెస్పీ బ్యాండు ప్రభుత్వ ఖర్చుతో కరాచీ, ఢాకా, బేరూత్ తిరిగినప్పుడు జాజ్ గురించి ఉపన్యాసాలు ఇవ్వడానికి వెంట వెళ్లింది ఈయనే. 1966లో ఆ సేకరణ రట్గర్స్‌కి వచ్చింది. అదే ఏడాది చివర ఆయన పోయాడు.

తర్వాత వచ్చిన డాన్ మోర్గెన్‌స్టెర్న్ కథ వేరు. 1929లో మ్యూనిక్‌లో పుట్టాడు, వియన్నాలో పెరిగాడు. నాజీలు వచ్చాక డెన్మార్క్‌కి, అక్కణ్నుంచి స్వీడన్‌కి పారిపోయి, 1947లో అమెరికా చేరాడు. డౌన్‌బీట్ సంపాదకుడిగా చేసి, 1976 నుంచి మూడున్నర దశాబ్దాల పాటు ఈ సంస్థ డైరెక్టరుగా ఉన్నాడు. రికార్డుల అట్టల మీద రాసిన వ్యాసాలకే ఎనిమిది గ్రామీలు వచ్చాయి. 2024 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆయన పక్కన ఎడ్ బెర్గర్. శాక్సఫోన్ వాయించే బెన్నీ కార్టర్ జీవిత చరిత్రను తండ్రితో కలిసి రాసినవాడు, కార్టర్ టూర్లకి మేనేజరుగా కూడా తిరిగినవాడు. విన్సెంట్ పెలోట్ 1970ల చివర్లో చేరి దశాబ్దాల పాటు ధ్వని సంగతులు చూసుకున్నాడు. జాజ్ కచేరీలు పెట్టించి, రికార్డులు తీసిన నార్మన్ గ్రాంజ్ జీవిత చరిత్ర రాసిన టాడ్ హెర్షోర్న్ కూడా ఇక్కడి ఆర్కైవిస్టే. వీళ్లే డబ్ల్యూబీజీఓ రేడియోలో తమ అల్మారాల్లోంచి రికార్డులు తీసి వినిపించే కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడిపారు.

జాజ్ అభిమానులు ఈ తరం గురించి మాట్లాడితే గొంతు గద్గదమైపోతుంది. ఆ తరానికి ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుస్తకాల్లో మనిషి కాదు, ఇంటికి వెళ్లి మాట్లాడిన మనిషి. ఇప్పుడున్నవాళ్లు లైబ్రరీ సైన్సు చదివి వచ్చారు, ఆ రుచి ఏదీ అని గొణుగుతారు. నాకు ఆ గొణుగుడు నచ్చదు. పాత తరం మన ఊరి కరణంగారి లాంటిది. ఏ సర్వే నెంబరు ఎవరిదో, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో అంతా ఆయన బుర్రలో ఉండేది. ఆయన్ని అడగగలిగినవాడికి, ఆయనకి తెలిసినవాడికి పని ఇట్టే అయిపోయేది. తెలియనివాడు అరుగు కిందే నిలబడాల్సి వచ్చేది. మోర్గెన్‌స్టెర్న్ ఎవరినీ నిలబెట్టాడని కాదు, ఆయన దగ్గర చేయి తిరిగిన రచయితలంతా ఆయన ఉదారత గురించే చెబుతారు. కానీ బుర్రలో ఉన్నది మనిషితోనే పోతుంది. కాగితం మీదకి ఎక్కితే నాలాంటి బయటివాడికి కూడా అందుతుంది.

ఆ ఎక్కించే పనికే ఫైండింగ్ ఎయిడ్ అని పేరు. ఏ పెట్టెలో, ఏ ఫోల్డరులో, ఏ కాలం నాటి ఏ కాగితాలున్నాయో వరసగా రాసిన జాబితా అది. చూడ్డానికి పరమ బోరు. రాయాలంటే ఒక మనిషి నెలల తరబడి ఉత్తరాలూ బిల్లులూ కవర్లూ ఒక్కొక్కటే తిప్పి చూడాలి. పియానిస్టు మేరీ లూ విలియమ్స్ కాగితాలు ఇక్కడే ఉన్నాయి. 1950ల్లో ఆవిడ కొన్నాళ్లు కచేరీలు మానేసి, క్యాథలిక్ మతం తీసుకుని, మత్తుమందులకి అలవాటుపడ్డ సంగీతకారులకి సాయం చేయడానికి ఒక ఫౌండేషన్ పెట్టి, పాత బట్టలూ సామానూ అమ్మే కొట్టు నడిపింది. పాట గురించి రాసే పుస్తకాల్లో ఈ కాలానికి దక్కేది ఒకటో రెండో పేజీలు. ఆ జాబితా తిరగేస్తుంటే ఆవిడ జీవితంలో అదెంత పెద్ద భాగమో కనిపిస్తుంది. ఎవరూ వ్యాఖ్యానం చేయరు, కాగితాల వరసే చెబుతుంది. వేన్ విన్‌బోర్న్ డైరెక్టరుగా ఉండగా, 2018లో, బ్యాండు నాయకుడు కౌంట్ బేసీ కుటుంబ కాగితాలూ వస్తువులూ దాదాపు వెయ్యి వచ్చి చేరాయి. బేసీది ఇదే రాష్ట్రంలోని రెడ్ బ్యాంక్. అంత సరుకును ఒక దారికి తెచ్చే పనికి ఎవరూ గ్రామీ ఇవ్వరు.

ధ్వని వైపు పనిచేసేవాళ్ల ఓపిక ఇంకో రకం. 1942 ఆగస్టులో సంగీతకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది. పెద్ద కంపెనీలు రెండు దిగొచ్చేసరికి 1944 నవంబరయింది. శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్, గిలెస్పీ కలిసి పియానిస్టు ఎర్ల్ హైన్స్ బ్యాండులో వాయించింది సరిగ్గా ఆ మధ్యలోనే. అందుకే ఆ బ్యాండుకి స్టూడియో రికార్డు ఒక్కటీ లేదు. ఆ కాలం గురించి వినాలంటే రేడియో నుంచి ఎత్తినవో, అభిమానులు ఇంట్లో మెషీన్ మీద చెక్కుకున్నవో ల్యాకర్ డిస్కులే (లోహపు పళ్లెం మీద మెత్తటి పూత పూసినవి) దిక్కు. యుద్ధంలో అల్యూమినియం కరువై కొన్నిటిని గాజు మీద పూత పూసి చేశారు. కింద పడితే పగులుతాయి, పడకపోయినా పూత బీటలు వారి ఊడిపోతుంది. ముల్లు పెట్టేది ఒక్కసారే అనుకుని పెట్టాలి. (మామూలు పాతకాలపు గ్రామఫోను రికార్డుల్లో కలిపే లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. ఆ మాట చెబితే మా ఆవిడ మొదటిసారి ఈ వ్యవహారం మీద కాస్త ఆసక్తి చూపించింది.)

ఇక్కడే నేర్చుకున్న ఇంకో సంగతి, రికార్డు గురించి అడిగేటప్పుడు పాట పేరుతో మొదలుపెట్టకూడదని. ఒకే పాటను ఒకే బ్యాండు మూడుసార్లు వాయిస్తుంది, లేబుల్ మీద ఒకే పేరుంటుంది. లేబుల్ పక్కన నున్నగా ఉండే జాగాలో చెక్కిన మ్యాట్రిక్స్ నెంబరే అసలు ఆధారం. దాన్ని బట్టి ఏ రికార్డింగ్ సెషన్, అందులో ఎన్నోసారి వాయించిన టేక్ అన్నది తేలుతుంది. ఈ సంగతి తెలియనివాళ్లని చూసి అక్కడ ఎవరూ నవ్వరు. ఆ నెంబరు ఎక్కడుంటుందో వేలితో చూపించి, చదవడానికి లైటు ఏ కోణంలో పట్టాలో కూడా చెబుతారు.

అన్నిటికంటే నాకు ఎక్కువ టైం పట్టింది మౌఖిక చరిత్రల దగ్గర. 1972 నుంచి 1983 దాకా అమెరికా ప్రభుత్వ కళా సంస్థ డబ్బుతో 120 మంది పాతతరం సంగీతకారుల జ్ఞాపకాలు టేపుల మీదకి ఎక్కించారు. 1979లో ఆ ప్రాజెక్టు ఈ సంస్థ చేతికి వచ్చింది. టైపు చేసిన ప్రతులున్నాయి కాబట్టి గబగబా చదివేయొచ్చని వెళ్లాను. ప్రతి పక్కన పెట్టుకుని టేపు కూడా వినమని అక్కడి ఆర్కైవిస్టు ఒకావిడ సలహా ఇచ్చింది. టైపు చేసినవాళ్లకి ఊళ్ల పేర్లూ, మారుపేర్లూ తెలియక కొన్ని తప్పులు దొర్లాయట. నిజమే గానీ, అంతకంటే ముఖ్యంగా, కాగితం మీద "అవును" అని ఉన్నచోట టేపులో ఆ "అవును" రావడానికి ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. క్లబ్బు యజమానుల డబ్బు సంగతి వచ్చినప్పుడల్లా ఆ ఆలస్యం పెరుగుతుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, అది కూడా వారం మధ్యలో. ఉద్యోగస్తుడికి సెలవు పెట్టక తప్పదు. "బ్రిడ్జ్‌వాటర్ గుడికి రమ్మంటే లీవు లేదంటారు, చచ్చిపోయినవాళ్ల టేపులకి మాత్రం ఉంటుంది" అని మా ఆవిడ అంటే నా దగ్గర జవాబు లేదు. ఏదీ ఇంటికి ఇవ్వరు. పెన్నులు బయటే, లోపల పెన్సిలే. అన్నీ డిజిటల్ అయిపోయి ఉంటాయనుకుని వెళ్తే నిరాశే.

ఆడియో ఈమెయిల్ చేయమని అడిగేవాళ్లు కూడా చాలామంది ఉంటారు. అలా పంపరు. అది ఆర్కైవ్ వాళ్ల పిసినారితనం కాదు, చట్టం. 2018లో మారిన అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం 1923కి ముందు వచ్చిన రికార్డులు 2022లో అందరివీ అయ్యాయి. 1923 నుంచి 1946 వరకు వచ్చినవాటికి నూరేళ్ల కాపలా ఉంది. అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ గురువు కింగ్ ఆలివర్ 1923 రికార్డులకి 2024లో విడుదల దొరికింది గానీ, 1930ల స్వింగ్ (ఆనాటి డ్యాన్సు బ్యాండుల జాజ్) కోసం ఇంకా ఆగాలి. అసలు విడుదలే కాని ప్రైవేటు టేపుల సంగతి ఇంకా చిక్కు. అక్కడికెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడమే మార్గం.

ప్రస్తుతం నా వెతుకులాట టెడీ వెదర్‌ఫోర్డ్ గురించి. 1920ల్లో షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన పియానో వాయించి, 1926లో ఆసియాకి ఓడెక్కి, షాంఘై, బొంబాయి తాజ్, కలకత్తా గ్రాండ్ హోటల్ తిరిగి, 1945లో కలకత్తాలోనే కలరాతో పోయినవాడు. అమెరికా వాళ్ల దృష్టిలో మధ్యలో మాయమైనవాడు, మన దృష్టిలో హోటల్లో వాయించిన ఎవరో విదేశీయుడు. ఇలాంటి రెండు దేశాల మధ్య పడిపోయిన మనిషి గురించి అడిగినా, ఇది మా పరిధి కాదని అనలేదు. అమెరికా వైపు ముక్కలు వాళ్లు వెతికి పెడతామన్నారు, కలకత్తా వైపు పత్రికలు నన్ను చూడమన్నారు. న్యాయమైన పంపకం.

వెళ్లాలనుకునేవాళ్లు ఈమెయిల్‌లో ఏం కావాలో ఒక్కటే కాక, ఇప్పటికే ఏమేం చూశారో కూడా రాయండి. వాళ్లకి సగం పని తగ్గుతుంది, మీకు జవాబు త్వరగా వస్తుంది. జాజ్ చరిత్ర మీద గట్టి ప్రాజెక్టు ఉన్న విద్యార్థులైతే బెర్గర్, కార్టర్ పేర్ల మీద ఇచ్చే చిన్న గ్రాంట్ల గురించి అడగండి. ఎడిసన్ వైపు నుంచి రైల్లో న్యూఆర్క్ పెన్ స్టేషన్‌కి వెళ్లి లైట్ రైలు పట్టుకుంటే పార్కింగ్ టెన్షన్ ఉండదు. లిఫ్ట్ ఎక్కే ముందే కాఫీ తాగేయండి, కప్పుతో రీడింగ్ రూంలోకి రానివ్వరు.