పైకప్పు తీసిన కారులో రామప్ప దాకా

హైదరాబాదు నుండి వరంగల్లు మీదుగా, రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఇదివరకు ఎన్నోసార్లు వెళ్లినా, మొన్న నవంబరులో మా బీఎండబ్ల్యూ జెడ్4 పైకప్పు తీసి వెళ్లినప్పుడే ఆ దారి వాసనలు నాకు తెలిసివచ్చాయి. జనగామ దాటిన తరువాత కోసిన వరి మడుల వాసన, ములుగు సమీపిస్తుండగా అడవి మీదుగా వచ్చే తడి చల్లదనం, అద్దాలు బిగించుకుని ఏసీలో కూర్చున్నన్నాళ్లూ నాకు అందనే లేదు.

ఇది ఎం40ఐ రకం. 3 లీటర్ల, 6 సిలిండర్ల ఇంజను 340 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆగి ఉన్న కారు 4.5 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అయినా నా మనసు దోచుకున్నది ఆ పైకప్పే. ఇంతకుముందు తరం జెడ్4కు మడతపడే లోహపు కప్పు ఉండేది. దీనికి గుడ్డ కప్పు పెట్టారు. మీట నొక్కితే 10 సెకన్లలో వెనక్కి ముడుచుకుంటుంది, 50 కిలోమీటర్ల వేగం లోపల బండి నడుస్తుండగానే తీయవచ్చు. కప్పు తీసినా వేసినా డిక్కీ 281 లీటర్లే కనుక, ఇద్దరికి రెండు రాత్రుల సామాను ఇరుకు లేకుండా పట్టింది.

మొదటి రాత్రి హనుమకొండలో ఒక హోటలులో దిగాము. గది శుభ్రంగా ఉంది, ఉదయపు ఇడ్లీలు వేడివేడిగా వచ్చాయి. అయితే కారు చాలా కిందికి ఉంటుందని ఫోనులో ముందే చెప్పి, ఇబ్బందేమీ లేదని వారు మాట ఇచ్చిన తరువాతనే గది తీసుకున్నాము. తీరా సెల్లారులోకి దిగే వాలు అంచున బంపరు కింది భాగం బరబరా గీసుకుపోయింది. ఆ చప్పుడుకు నా ప్రాణం విలవిలలాడింది. ఇటువంటి కారున్నవారు గది అద్దె కంటే ముందు, నేల మట్టంలో పార్కింగు ఉన్నదా అని అడగాలి, వీలైతే ఫొటో తెప్పించుకోవాలి.

మరునాడు తెల్లవారుజామునే బయలుదేరాము. మేడారం వెళ్లేవారు తొలి మొక్కు చెల్లించే గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగి, కొత్త బండి కదా అని మేమూ కొబ్బరికాయ కొట్టాము. జాతీయ రహదారి హాయిగా సాగింది. పాలంపేట వైపు మళ్లిన తరువాత రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉండడం వల్ల, స్పీడు బ్రేకర్లను ఏటవాలుగా దాటుతూ నడక వేగంతో వెళ్లవలసి వచ్చింది. వడ్లు తిరగేస్తున్న ఒక అవ్వ, "గీ కారుకు కప్పేది బిడ్డా? ఎండ కొట్టదా?" అని అడిగింది. ఆగి కప్పు వేసి చూపించగానే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూరు కింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికల, అంటే స్త్రీ శిల్పాల మీద ఉదయపు వెలుగు జారుతుంటే, కాంతి వంపు వెంట ఎలా సాగుతుందో చాలాసేపు చూశాను. తిరిగి వచ్చేసరికి మా కారు బానెట్ వంపు మీదా అదే ఎండ పడుతున్నది. కోతులు గుడ్డ కప్పును చింపుతాయేమోనన్న భయంతో చెట్టు నీడ వదిలి, కాపలా మనిషికి ఎదురుగా ఆపాను. ఆయన శ్రద్ధగా చూసుకున్నాడు.

రెండో రాత్రికి లక్నవరం చెరువులోని ద్వీపం కాటేజీకి కారును ఒడ్డున వదిలి, వేలాడే వంతెన మీదుగా నడిచే వెళ్లాలి. బస ప్రశాంతంగా ఉంది కానీ, రాత్రి రెండుసార్లు వంతెన దాటి వచ్చి కారును చూసుకుని పోయాను.