డమ్మీలు, విజిల్ కొన్నారు సరే, విసిరే మనిషి ఉన్నాడా?

మేముండేది ఇంగ్లండ్‌లో, డెర్బీ దగ్గర. ఇంట్లో రెండేళ్ల నల్ల లాబ్రడార్, పేరు బుజ్జి. ముందే చెప్తున్నా, మేం వేటగాళ్లం కాదు, తుపాకీ పట్టిన పాపాన పోలేదు. కానీ ఈ జాతి పుట్టిందే వేటలో పడిన పక్షిని వెతికి నోట కరుచుకుని తెచ్చి ఇవ్వడానికి, ఆ పని చెప్పకపోతే సోఫా దిండ్లు, చెప్పులు, మా ఆవిడ ఆరేసిన చున్నీ, ఏది దొరికితే అది తెచ్చి ఒళ్లో పెడుతుంది. అందుకే గన్‌డాగ్ (వేటలో సాయం చేసే కుక్క) ట్రైనింగ్ సామాను కొన్నాను: పక్షికి బదులు విసిరి తెమ్మనడానికి పౌండు బరువుండే కాన్వాస్ డమ్మీలు నాలుగు, ఆక్మే 211.5 విజిల్, ఒక స్లిప్ లీడ్ (మెడకి ఉచ్చులా వేసే తాడు). ఆరు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ ఇది.

ముందు విజిల్ సంగతి. పది పౌండ్లలోపే వచ్చింది, కొన్నవాటిలో ఇదే మంచిది. ఆక్మే అంటే బర్మింగ్‌హామ్ కంపెనీ, 1870లో మొదలైంది. ఈ విజిల్ లోపల మామూలు విజిల్‌లో లాగా కదిలే గింజ ఉండదు కాబట్టి చలిలో ఇరుక్కుపోయే గొడవ లేదు. అసలు గొప్ప ఏంటంటే ఒక నంబర్ విజిల్ ఎక్కడ కొన్నా ఒకే శ్రుతి, పొలంలో పారేసుకున్నా ఇంకోటి కొంటే కుక్కకి తేడా తెలీదు (నేను ఇప్పటికి రెండు పారేశాను). ఒకసారి పొడుగ్గా ఊదితే కూర్చోవాలి, చిన్నచిన్నగా నాలుగైదు ఊదితే వెనక్కి రావాలి. మా ఇంట్లో నేను "ఆగు" అంటే, ఆవిడ "ఉండరా" అంటే, పిల్లలు "స్టే" అంటే పాపం అది ఎవరి మాట వినాలి? విజిల్‌కి భాష లేదు, ఆ తలనొప్పి పోయింది.

డమ్మీల దగ్గరకొస్తే, రెండు ఆకుపచ్చవి, ఒకటి తెల్లది, ఒకటి నారింజ. రంగుల గోల నాకు మొదట అర్థం కాలేదు. కుక్కలకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు, కాబట్టి నారింజ డమ్మీ గడ్డిలో మనకి మెరుస్తుంది కానీ కుక్కకి సరిగ్గా కనపడదు. ముందే దాచిపెట్టి కుక్కని వెతకమని పంపడానికి అది బాగుంటుంది, ఎక్కడుందో మనకి తెలుస్తుంది, అది మాత్రం ముక్కు వాడక తప్పదు. గాలికి ఎదురుగా పంపితే వాసన తొందరగా అందుతుంది. తెల్లది గాల్లో ఎగురుతుంటే బాగా కనపడుతుంది, పడ్డ చోటు గుర్తుపెట్టుకోవడం నేర్పడానికి అదే వాడాలి.

ఇక ఏ ప్యాకెట్ మీదా రాయని విషయం ఒకటుంది: ఈ పనికి రెండో మనిషి కావాలి. నా పక్కన కూర్చున్న కుక్కకి నేనే విసిరితే అది నా చేతినే చూస్తుంది, దూరంగా చూడటం నేర్చుకోదు. పైగా నేను పంపకముందే పరిగెడితే ఆపేదెవరు? కుక్కకంటే ముందు డమ్మీని తీసేసుకునే మనిషి అటువైపు ఉండాలి, లేకపోతే ఎగబడితే దొరుకుతుందని దానికి అర్థమైపోతుంది. నాకు ఆ మనిషి మా భీమవరం ఫ్రెండ్. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అనే పిలుస్తాడు. శనివారం పొద్దున్నే, తెలిసిన రైతు సరేనన్న పొలంలో, నలభై గజాల అవతల బురదలో నిలబడి "ఒరేయ్ బావా, ఇంక పంపరా, చేతులు గడ్డకట్టుకుపోతున్నాయి" అని అరుస్తుంటాడు. నేను మాత్రం ఐదు లెక్కపెట్టి గానీ పంపను. ఆ ఐదు లెక్కలు బుజ్జి ఒళ్లంతా వణుకుతుంది, కళ్లు డమ్మీ మీదే, వెనక కాళ్లు మాత్రం ఇంచు ఇంచు జరుగుతుంటాయి, మనం చూడట్లేదనుకుంటుంది. తెచ్చాక వెంటనే లాక్కోకూడదు, అది నోట్లో పట్టుకుని ఉండగానే మెడ నిమిరి, తర్వాత చెయ్యి పెట్టాలి. నాలుగైదు సార్లు చాలు, విసుగొచ్చాక చేయిస్తే మధ్యలో పడేసి గడ్డి వాసన చూసుకుంటూ పోతుంది.

ఆ ఫ్రెండ్ కుక్క కాకర్ స్పానియల్ జాతిది. వాడూ నన్ను చూసి 211.5 కొన్నాడు, ఇంకేముంది, నేను ఊదితే రెండు కుక్కలూ కూర్చునేవి, వాడు ఊదితే రెండూ పరిగెత్తుకొచ్చేవి. స్పానియల్ వాళ్లు ఎక్కువగా వాడే 210.5కి మారాక గొడవ సద్దుమణిగింది. ఇద్దరూ కలిసి కొనేవాళ్లు ముందే వేరే నంబర్లు చూసుకోండి.

వాడే సెకండ్ హ్యాండ్‌లో డమ్మీ లాంచర్ కూడా తెచ్చాడు, ఖాళీ తూటా పేల్చి డమ్మీని దూరం పంపే యంత్రం. ఒక్కసారి పేల్చాం. బుజ్జి తిన్నగా కారు కిందకి దూరింది, బయటికి రప్పించేసరికి అరగంట. మెల్లగా, దూరం నుంచి మొదలుపెట్టి శబ్దం అలవాటు చేయాలట, మేం చేసింది తెలివితక్కువ పని. కొత్తవాళ్లకి అది అక్కర్లేదు, మనిషి చెయ్యి చాలు.

డమ్మీలకి మార్కులు ఎందుకు తగ్గిస్తున్నానంటే, మూడో నెలలో ఒక ఆకుపచ్చదాని కుట్టు విడిపోయి లోపలి పొట్టు కారు డిక్కీ నిండా పడింది. తడిసినవి ఆరబెట్టకుండా డిక్కీలో వదిలేయడం నా తప్పే, బూజు వాసన కూడా వచ్చింది, కానీ కుట్టు మరీ అంత నాసిగా ఉండకూడదు. అమ్మిన ఆన్‌లైన్ షాపుకి ఫోటోలు పెడితే పదిహేను రోజులకి "కుక్క కొరికిందేమో" అని జవాబు. కొరకలేదండీ బాబూ, పంటి గాటు ఒక్కటి లేదు.

ఇంకోటి, ఇంగ్లండ్‌లో అందరికీ తెరిచి ఉంచిన కొండ, బీడు నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్క రెండు మీటర్లు దాటని లీడ్ మీదే ఉండాలి, నేల మీద గూడు కట్టే పక్షుల కోసం. కాబట్టి అక్కడ ఈ ఆటలు కుదరవు, రైతుని అడిగి పొలం చూసుకోండి, గొర్రెలున్న చోటికి అసలు వెళ్లొద్దు.

విజిల్‌కి ఐదుకి ఐదు, డమ్మీలకి మూడు, స్లిప్ లీడ్ మామూలే. చిరిగిన డమ్మీని మా అత్తగారు ఇండియా నుంచి తెచ్చిన దబ్బనంతో, నైలాన్ దారంతో నేనే కుట్టాను. మిగతా మూడింటికంటే అదే గట్టిగా ఉంది.