మహిళల హెల్త్ ప్యాకేజీ: రిపోర్టులు సరే, బీపీ చూసే తీరు బాలేదు

అమ్మా నేనూ మా ఊరి ల్యాబ్‌లో చేయించుకున్నాం. రక్తం తీసే అమ్మాయి చెయ్యి భలే తేలిక, రిపోర్టులు సాయంత్రానికే ఫోన్‌లోకొచ్చాయి. కానీ బీపీ మాత్రం మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చీ రాగానే, జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి చూసేశారు; పక్షవాతానికి పెద్ద కారణం బీపీయే కదా, ఐదు నిమిషాలు కూర్చోబెట్టలేరా? పక్షవాతం ముప్పు పెంచే సంగతులు, అంటే కాన్పప్పుడు బీపీ పెరిగిందా, గుండె దడ ఉందా, కళ్ల ముందు మెరుపులొచ్చే మైగ్రేన్ ఉండి గర్భనిరోధక మాత్రలేమైనా వేసుకుంటున్నారా, ఒక్కటీ అడగలేదు. గోడ మీద పక్షవాతం గుర్తుల పోస్టర్ బాగుంది: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు, వెంటనే 108. హఠాత్తుగా వచ్చే అయోమయం, వాంతులూ రాయాల్సింది, ఆడవాళ్లకొస్తే టెన్షన్ అనో గ్యాస్ అనో కొట్టిపారేస్తారు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా 4.5 గంటలే గడువు మరి. 5కి 3 స్టార్లు.