సొంత సర్వర్‌లో వికీ పెడతామంటే నమ్మకండి, నా 18,000 పోయాయి, రాసుకున్నదీ పోయింది

భీమవరం, నరసాపురం, పాలకొల్లు వైపు ఎవరైనా మీ దగ్గరికొచ్చి "మీ సొంత సర్వర్‌లో మీ సొంత వికీ అండి, ఒక్కసారి కడితే జీవితాంతం" అంటే, డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. వికీ అంటే మనమే రాసుకుని, దిద్దుకుని, ఒకదానికొకటి లింకులు కలుపుకునే పేజీల సైటు. నాకు అమ్మిన షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు ముఖ్యం కూడా కాదు, ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఒక్కరే ఉండరు.

ముందు నాకు వికీ ఎందుకో చెప్పాలి, లేకపోతే రొయ్యల చెరువులవాడికి ఇదేం సరదా అనుకుంటారు. ఆరెకరాల్లో నాలుగు చెరువులు నావి. పిల్ల ఎప్పుడు వదిలాం, ఏ హేచరీది, మేత ఎంత, సెలినిటీ (నీటి ఉప్పదనం) ఎంత, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంత, సున్నం ఎప్పుడు చల్లాం, ఏ మందు వాడితే ఏమైంది, పట్టుబడిలో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, ఇవన్నీ నోటుబుక్కుల్లో ఉండేవి. ఒక తుపానులో షెడ్డులోకి నీళ్ళొచ్చి మూడేళ్ళ పుస్తకాలు ముద్దయిపోయాయి. ఎక్సెల్‌లో ప్రయత్నించాను కానీ నాకు కావలసింది పట్టిక కాదు. ఒక్కో చెరువుకు ఒక పేజీ, ఒక్కో పంటకు ఒక పేజీ, ఒక్కో మందుకు ఒక పేజీ ఉండి, మందు పేజీ తెరిచి లింకులు నొక్కితే అది ఏయే పంటల్లో వాడామో, వాడాక ఏం జరిగిందో వరసగా కనపడాలి. ఆ పని వికీ చేసినట్టు ఇంకేదీ చేయదు, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. నా తప్పు వికీ కోరుకోవడం కాదు, దాన్ని కొన్న తీరులో ఉంది.

మా బావమరిది ద్వారా ఈ షాపతను పరిచయమయ్యాడు. 18,000 ఒకేసారి, డొమైన్ (సైటు అడ్రసు) వాళ్ళదే, సర్వర్ వాళ్ళదే, బ్యాకప్ రోజూ వాళ్ళే తీస్తారు, "మీరు రాసుకోవడమేనండి, మిగతా టెన్షన్ మాది" అన్నాడు. కంట్రోల్ ప్యానెల్ పాస్‌వర్డ్ అడిగితే "అవన్నీ మీకెందుకండీ, పొరపాటున ఏదైనా నొక్కితే మొత్తం పోద్ది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడే లేచి వచ్చేయాల్సింది. లాకుల తాళం ఇంకొకడి దగ్గర ఉన్నప్పుడు కాలవ నాదని చెప్పుకుంటే ఏం లాభం?

తర్వాత తెలిసిందేమిటంటే, అది "సొంత సర్వర్" కానే కాదు. సర్వర్ నంబరు, అంటే ఐపీ అడ్రసుతో వెతికితే అదే సర్వర్ మీద ఒక కళ్యాణమండపం సైటు, రెండు ట్యూషన్ సెంటర్ల సైట్లు, ఇంకా బోలెడున్నాయి. మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే నలుగురూ పంచుకునే సర్వర్‌లో, ఒక మూల నాకిచ్చారు. వికీ కూడా వాళ్ళు తయారుచేసింది కాదు, ఉచితంగా దొరికే వికీ సాఫ్ట్‌వేర్‌కి అడుగున ఉన్న పేరు తీసేసి తమ లోగో అతికించారు. ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చినందుకు కూలి తీసుకోవడం తప్పేం కాదు, కానీ మేం తయారుచేశామని చెప్పడం మాత్రం అబద్ధం.

పద్నాలుగు నెలలు బానే నడిచింది. ఆ తర్వాత వాళ్ళు నాకు చెప్పకుండా సర్వర్ మార్చారు. ఆ వారం మాకు రెండు చెరువులు పట్టుబడి, ఐసు, లారీలు, కూలీలు, ఆ గోలలో నేను వికీ తెరవనే లేదు. తొమ్మిదో రోజున తెరిస్తే ప్రతి పేజీలో తెలుగు ఉన్నచోటల్లా ప్రశ్నార్థకాలు. అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి, "???? 12 ?????? 40" అన్నట్టు. దేని 12, దేని 40, ఆ దేవుడికే తెలియాలి.

ఇది కాస్త అర్థం చేసుకోండి, ఎందుకంటే తెలుగులో రాసుకునే ఎవరికైనా జరగొచ్చు. కంప్యూటర్లో అక్షరాలు దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. డేటాబేస్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు లాటిన్ అక్షరాల సెట్టింగు మధ్యలో అడ్డుపడితే రెండు రకాలుగా చెడుతుంది. నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, బైట్లు అలాగే ఉన్నాయి, వాటిని తప్పుగా చదువుతోందంతే, తెలిసినవాడు చాలావరకు వెనక్కి తేగలడు. ప్రశ్నార్థకాలే భద్రమై కూర్చున్నాయంటే మాత్రం అసలు అక్షరం పోయి దాని స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం పడింది. దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. "ఫాంట్ ప్రాబ్లమండి, రెండు రోజుల్లో సెట్ చేస్తాం" అని ఆ షాపతను నన్ను మూడు వారాలు తిప్పాడు. ఫాంటు లేకపోతే డబ్బాలు కనపడతాయి కానీ ప్రశ్నార్థకాలు కనపడవని నాకు అప్పటికి తెలియదు.

మరి రోజూ తీసిన బ్యాకప్? తీశారు, అబద్ధం కాదు. కానీ ఏడు రోజులవే ఉంచుతారు, ఎనిమిదో రోజు పాతది చెరిగిపోతుంది. నేను చూసింది తొమ్మిదో రోజున. అంటే ఏడు బ్యాకప్పుల్లోనూ శుభ్రంగా ప్రశ్నార్థకాలే. పైగా అవన్నీ అదే సర్వర్‌లోని అదే డిస్కు మీద. తిండిగింజలూ విత్తనాలూ ఒకే పురిలో పోసి తాళం వేసినట్టుంది వ్యవహారం.

సరే, ఉన్నది తీసుకుని నా దారి నేను చూసుకుంటానంటే డొమైన్ పేచీ మొదలైంది. డొమైన్ ఎవరిదో చూపించే హూయిజ్‌లో చూస్తే యజమాని స్థానంలో షాపు పేరు, షాపు ఈమెయిల్. నా ఇంటిపేరుతో ఉన్న డొమైన్‌కు నేను ఎవరినీ కాను! బదిలీకి కావలసిన ఆథ్ కోడ్ అడిగితే 9,000 అన్నారు. డాట్ కామ్ లాంటి డొమైన్లకు, యజమాని అడిగితే 5 రోజుల్లో ఆ కోడ్ ఇచ్చి తీరాలని, డొమైన్ల వ్యవహారం చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నియమం ఉంది. కానీ అది రికార్డులో ఉన్న యజమానికి వర్తిస్తుంది, డబ్బు కట్టిన నాకు కాదు. వదిలేశాను.

ఇక అసలు తమాషా. నా వికీ నాకు మాత్రమే కనిపిస్తుందని కదా చెప్పారు, ఒకరోజు గూగుల్‌లో మా ఊరి పేరు, వనామీ (మేం పెంచే రొయ్య రకం) అని కొడితే నా పేజీలు వచ్చాయి. ఏ కంపెనీకి ఏ కౌంటు ఎంత రేటుకు అమ్మానో సహా ఊరందరికీ తెరిచి పెట్టారు. ఎడిట్‌కు లాగిన్ పెట్టారు గాని చదవడానికి పెట్టలేదు. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ తప్పే నన్ను కొంత కాపాడింది కూడా. తెరిచి ఉంది కాబట్టి, పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్ కొన్ని పేజీలు దాచుకుంది, అక్కడి నుంచి నలభై పైచిలుకు పేజీలు ఏరుకున్నాను. ఇలా బయటపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఇప్పుడు నేనే పెట్టుకున్నాను, మా అన్నయ్య కొడుకు రెండు ఆదివారాలు పక్కన కూర్చున్నాడు. నెలకు 450 చిల్లర పడే చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్‌లో మనకంటూ విడిగా ఒక వాటా), డొమైన్ నా పేరు మీద, నా ఈమెయిల్ మీద. సైటు భద్రతకు సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది, ఉచితం. వికీ సాఫ్ట్‌వేర్ డోకువికీ. దానికి డేటాబేస్ లేదు, ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు తెలుగులా కనపడుతుంది. ఒక్కడి అవసరానికి, వికీపీడియా నడిచే మీడియావికీ లాంటిది పెద్ద బరువు. పేజీలు, పాత ప్రతులు, ఫొటోలు, సెట్టింగులు ఉండే ఫోల్డర్లు రాత్రి పూట ఇంట్లో కంప్యూటర్‌కు కాపీ అవుతాయి. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో వేసి, వేసినవాటిలో రెండు మూడు పేజీలు తెరిచి చదివి చూస్తాను.

ఇందులోనూ రెండుచోట్ల కాలు జారింది, మీరు జారకండి. ఒకటి, సైటును నడిపే సర్వర్ ప్రోగ్రాముగా ఎంజిన్‌ఎక్స్ వాడితే డోకువికీతో వచ్చే రక్షణ ఫైళ్ళను అది పట్టించుకోదు, అవి అపాచీ అనే ఇంకో ప్రోగ్రాముకి. డేటా ఫోల్డరును మనమే సెట్టింగుల్లో మూయాలి, లేకపోతే లాగిన్ పెట్టినా అడ్రసు ఊహించినవాడు టెక్స్ట్ ఫైలు నేరుగా చదివేస్తాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు క్లోజ్డ్ వికీ (లాగిన్ లేనివాళ్ళకు కనపడనిది) అని ఎంచుకున్నంత మాత్రాన ఇది మూసుకోదు.

రెండోది తెలుగు పేజీ పేర్లు. ఫైలు పేరులో ఒక్కో తెలుగు అక్షరాన్ని, గుర్తుని డోకువికీ తొమ్మిది గుర్తులుగా మార్చి రాస్తుంది, లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. "మూడో చెరువు రెండో పంట" పట్టింది, దానికి "నీటి పరీక్షలు" తగిలించగానే సేవ్ కావడం మానేసింది. ఫైలు పేరు సెట్టింగును యూటీఎఫ్-8కు మార్చుకోవచ్చు, కానీ పేజీలు మొదలుపెట్టకముందే మార్చాలి. నేను చెరువుకో నేమ్‌స్పేస్ (పేజీలు పెట్టే ఫోల్డరు లాంటిది), దాని లోపల పంటకొకటి పెట్టి పేర్లు పొట్టి చేసుకున్నాను.

షాపు మీద 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. బిల్లు ఇవ్వలేదు, నా దగ్గర ఉన్నవి యూపీఐ చెల్లింపు రికార్డు, వాట్సాప్ మాటలు. ఎవరి దగ్గర కొన్నా బిల్లు తీసుకోండి బాబూ, "జీవితాంతం" అంటే ఎవరి జీవితం అని కూడా అడగండి. డొమైన్ ఎవరి పేరు మీద పెడతారు, మొత్తం డేటా నేనే ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చా, ఈ రెండూ అక్కడికక్కడే చూపించలేకపోతే టీ తాగి వచ్చేయండి.

మూడో చెరువు రెండో పంట పేజీలు మాత్రం ఎక్కడా దొరకలేదు. మా కాపలా తాత షెడ్డు గోడ మీద బొగ్గుతో మేత లెక్కలు గీసుకుంటాడు, సున్నం వేయించనివ్వడు, ఎన్నిసార్లు విసుక్కున్నానో. మొన్న ఆ గోడ ఫొటో తీసుకుని ఒక్కో గీతా చూస్తూ మళ్ళీ ఎక్కిస్తున్నాను.