సైబీరియానా, బ్రోకెన్ స్వోర్డా: కథ కోసం ఆడేవాళ్లకు ఏది మేలు?

పాయింట్ అండ్ క్లిక్ ఆటలు (తెర మీది వస్తువుల్ని, మనుషుల్ని మౌస్‌తో నొక్కుతూ కథ నడిపించే కంప్యూటర్ ఆటలు) అలవాటు లేనివాళ్లు "మంచి కథ ఉన్నది ఒకటి చెప్పండి" అని అడిగితే, పాతకాలం నుంచి ఆడుతున్నవాళ్ల నోట తరచుగా రెండు పేర్లు వస్తాయి. ఒకటి 1996లో ఇంగ్లండ్‌లోని రెవల్యూషన్ సాఫ్ట్‌వేర్ తీసుకొచ్చిన 'బ్రోకెన్ స్వోర్డ్: ద షాడో ఆఫ్ ద టెంప్లర్స్'. రెండోది 2002లో మైక్రోయిడ్స్ విడుదల చేసిన 'సైబీరియా'. ఒకదాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు రెండోదాన్ని చప్పగా ఉందనో, విసిగించిందనో అనడం మామూలే. రెండూ ఆడాక నా మాట ఇది: ఆటగా బ్రోకెన్ స్వోర్డ్ గట్టిది, కథగా సైబీరియా గొప్పది. కథ కోసమే వచ్చేవాళ్లకు నేను సైబీరియానే చెబుతాను.

బ్రోకెన్ స్వోర్డ్ మొదలవడమే జోరుగా మొదలవుతుంది. ఆకులు రాలే కాలంలో పారిస్. జార్జ్ స్టాబర్ట్ అనే అమెరికన్ టూరిస్టు ఒక కేఫ్ బయట కూర్చుని ఉంటాడు. విదూషకుడి వేషంలో ఒకడు లోపలికి వెళ్లి, ముసలాయన బ్రీఫ్‌కేసు లాక్కుని పారిపోతాడు. వెంటనే బాంబు పేలుతుంది. అక్కడి నుంచి జార్జే ఆరా తీయడం మొదలుపెడతాడు. మ్యాన్‌హోల్ దిగి మురుగు కాలువలో వెతికితే ఎర్ర ముక్కు దొరుకుతుంది. అది వేషాల దుకాణానికి దారి చూపిస్తుంది. నికో కొల్లార్డ్ అనే జర్నలిస్టు తోడవుతుంది. 1307లో ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ మూకుమ్మడిగా అరెస్టు చేయించిన టెంప్లర్లు అనే మధ్యయుగపు క్రైస్తవ యోధుల చరిత్ర దాకా తీగ సాగుతుంది. పారిస్, ఐర్లండ్, స్పెయిన్, సిరియా, స్కాట్లండ్... ఎక్కడా కథ ఆగినట్టు ఉండదు.

ఈ ఆటను ఇష్టపడేవాళ్లు ముందుగా చెప్పేది మాటల గురించి. జేబులో ఉన్న ఏ వస్తువునైనా ఎదుటి మనిషికి చూపించవచ్చు. ఆధారానికి సంబంధం లేని వస్తువైనా సరే, చాలాచోట్ల దానికో ప్రత్యేకమైన జవాబు రాసిపెట్టారు. పోలీసుకు ఒక రకంగా, పూలమ్మే ఆవిడకు ఒక రకంగా. కథ ముందుకు నడవకపోయినా ఆ జవాబుల కోసమే అందరి దగ్గరికీ అన్నీ తీసుకెళ్లాలనిపిస్తుంది. ఆట రూపకర్త చార్లెస్ సెసిల్ బృందం మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. ఆటగాడు వెతుకుతాడని నమ్మి, వెతికినచోటల్లా ఏదో ఒకటి పెట్టారు. చేత్తో గీసిన బొమ్మలు కూడా ఇన్నేళ్లకూ పాతబడలేదు.

ఇక ఫిర్యాదుల సంగతికొస్తే, అన్నిటికన్నా ముందు వచ్చేది మేక. ఐర్లండ్‌లో లోక్‌మార్న్ అనే ఊళ్లో పాడుబడ్డ కోట ఉంటుంది. అక్కడ తాడుతో కట్టేసిన మేక ఒకటి జార్జ్ ముందుకెళ్లిన ప్రతిసారీ కుమ్మి పడేస్తుంది. ఏ వస్తువు వాడినా పని జరగదు. చేయాల్సిందల్లా కుమ్ముడు తిని పడిపోయి, లేవగానే మేక మళ్లీ వచ్చేలోపు పక్కనున్న పాత వ్యవసాయ యంత్రం వైపు పరుగెత్తడం. తాడు అందులో చిక్కుకుని మేక ఆగిపోతుంది. అప్పటిదాకా ఆట ఎక్కడా తొందరపెట్టలేదు. ఎంతసేపైనా ఆలోచించుకోమంది. ఒక్కసారిగా ఇక్కడ మాత్రం వేగం కావాలంటుంది, ఆ సంగతి ముందుగా చెప్పదు. చాలామంది స్టక్ అయిపోయి, వాక్‌త్రూ (ఆట ఎలా పూర్తిచేయాలో చెప్పే గైడు) చూసి బయటపడింది ఇక్కడే. పాత వెర్షన్‌లో జార్జ్ చనిపోయే చోట్లు కూడా ఉన్నాయి, సేవ్ చేసుకోకపోతే అంతే. 2024లో వచ్చిన 'రీఫోర్జ్‌డ్' వెర్షన్‌లో హింట్లు ఇచ్చే స్టోరీ మోడ్ పెట్టారు కాబట్టి కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టడం నయం.

నాకున్న అసలు అభ్యంతరం మేక గురించి కాదు. జార్జ్ మొదట్లో ఎలా ఉన్నాడో చివరికీ అలాగే ఉంటాడు. అంత జరిగినా అదే చమత్కారం, అదే ధీమా. కుట్ర ఏమిటో తేలిపోయాక నాకిక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. సిరియా బజారులోనూ, ఐర్లండ్ పబ్బులోనూ మనుషుల్ని ఎక్కువగా నవ్వు కోసమే పెట్టినట్టుండటం కూడా ఈ రోజు ఆడితే ఇబ్బందిగానే ఉంటుంది.

సైబీరియా వాన చినుకుల్లో మొదలవుతుంది. ఆల్ప్స్ కొండల్లోని వాలాడిలేన్ అనే ఊరు. న్యూయార్క్ నుంచి వచ్చిన లాయర్ కేట్ వాకర్ బొమ్మల ఫ్యాక్టరీ అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోవాలి. తీరా చూస్తే ఎదురుగా యజమానురాలు అన్నా వొరాల్‌బెర్గ్ అంతిమయాత్ర, అందులో నడుస్తున్నవి మరమనుషులు. అన్నా తమ్ముడు హాన్స్ ఎప్పుడో చనిపోయాడనుకుంటారు. కానీ బతికే ఉన్నాడని, చిన్నప్పటి నుంచి మామత్‌ల (అంతరించిపోయిన బొచ్చు ఏనుగుల) పిచ్చితో తూర్పుగా వెళ్లిపోయాడని తెలుస్తుంది. సంతకం కోసం కేట్ అతన్ని వెతుక్కుంటూ రైలెక్కుతుంది. దీన్ని రూపొందించిన బెన్వా సొకాల్ బెల్జియం కామిక్స్ కళాకారుడు. ఆ చేయి ప్రతి తెర మీదా కనిపిస్తుంది.

ఇక్కడ పజిళ్లు తేలిక. అనుభవం ఉన్నవాళ్లు దీన్నే లోపంగా చెబుతారు. నాకు మాత్రం అవి కథలోంచే పుట్టడం నచ్చింది. రైలు స్ప్రింగుతో నడుస్తుంది, ఆగిన ప్రతిచోటా దానికి కీ ఇవ్వాలి. దాన్ని నడిపే ఆస్కర్ అనే మరమనిషికి కాళ్లు లేకపోతే ఫ్యాక్టరీలో మనమే తయారుచేసి తొడుగుతాం. ఆ కాళ్లతో రైలు దాకా నడిచి వెళ్లిన ఆస్కర్, అన్ని కాగితాలూ సరిగ్గా ఉంటేనే బండి కదులుతుందని భీష్మించుకుంటాడు. టికెట్ కావాలి, ముద్రలు పడ్డ అనుమతి కావాలి. ప్రాణం పోసినవాళ్లమన్న మొహమాటం కూడా లేదు. ఆ కాగితాల కోసం తిరగడమే పజిల్. అది చేస్తుండగానే ఆస్కర్ స్వభావం, ఆ లోకం తీరు రెండూ అర్థమవుతాయి. మేక దగ్గర కథ ఆగిపోతుంది, ఆస్కర్ దగ్గర కథ నడుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పని చేసేది కేట్ సెల్‌ఫోన్. బాస్ సంతకం ఏమైందని గద్దిస్తాడు. కాబోయే భర్త డాన్ విందుకు రాలేదని అలుగుతాడు. స్నేహితురాలు ఒలీవియా, అమ్మ ఎవరి గోల వాళ్లు చెబుతారు. మొదట్లో కేట్ అందరికీ సర్దిచెబుతుంది. కొంత దూరం వెళ్లాక ఆ మాటలు ఆమెకే కాదు, మనకూ పరాయివిగా వినిపిస్తాయి. న్యూయార్క్‌ను ఒక్క దృశ్యంలో కూడా చూపించకుండా ఆ జీవితం ఆమె చేతుల్లోంచి ఎలా జారిపోతోందో ఫోన్‌లోనే చెప్పారు. ఒక మనిషి మారడాన్ని ఇంత నెమ్మదిగా, ఇంత నమ్మకంగా చూపించిన అడ్వెంచర్ గేమ్ నాకు ఇంకొకటి తట్టదు.

లోపాలు లేవని కాదు. చేయడానికి ఏమీ లేని తెరల మీదుగా ఇటూ అటూ నడవాలి. ఆటలోని కొమ్‌కోల్జ్‌గ్రాడ్, అరాల్‌బాడ్ అనే ఊళ్ల మధ్య ఈ తిరుగుడు ఓపికకు పరీక్షే. ఏదైనా మూలకు వెళ్దామంటే అటు వెళ్లాల్సిన పనిలేదని కేట్ అనడం కొంతసేపటికి చిరాకు తెప్పిస్తుంది. బ్రోకెన్ స్వోర్డ్‌లో వెతికినవాళ్లకు దక్కే ఆనందం ఇక్కడ లేదు.

2012లో టెల్‌టేల్ సంస్థ 'వాకింగ్ డెడ్' వచ్చాక, ఆటగాడి నిర్ణయాలకు కథలో చోటిచ్చే ఆటలకు అలవాటుపడ్డవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు: మన నిర్ణయాలకు విలువేదీ అని. ఈ రెంటిలోనూ కథ మారదు, ముగింపు ఒక్కటే. అది కావాలనుకునేవాళ్లు నేరుగా టెల్‌టేల్ ఆటకే వెళ్లడం మంచిది.

తెలుగులో రెండూ లేవు, ఇంగ్లిష్‌తోనే లాక్కురావాలి. బ్రోకెన్ స్వోర్డ్‌లో యాసలు, మాటల మీద పుట్టే హాస్యం ఎక్కువ కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. సైబీరియాలో భాష సాదాగా ఉంటుంది. ఇద్దరు కలిసి కూర్చుని బుర్ర పెట్టి ఆడాలంటే మాత్రం బ్రోకెన్ స్వోర్డ్‌కే నా ఓటు. ఆ ఆధారాల మీద వాదించుకోవడంలో సరదా ఉంది. రాత్రిపూట ఒక్కరే ఆడుకోవాలంటే సైబీరియా.

సైబీరియా తీసుకునేవాళ్లు 2004లో వచ్చిన రెండో భాగాన్ని కూడా దగ్గర పెట్టుకోండి. మొదటి భాగం కేట్ తీసుకునే ఒక నిర్ణయంతో ముగుస్తుంది, మామత్‌ల సంగతి అప్పటికి తేలదు. హాన్స్ ప్రయాణం పూర్తయ్యేది రెండో భాగంలోనే. 2017 నాటి మూడోది కంట్రోల్స్ వల్ల చాలామందికి నచ్చలేదు. దాన్ని వదిలేసినా హాన్స్ కథకు లోటేమీ రాదు.