తెలుగు మాట లోపల ఏముందో చూడటానికి ఏది మేలు: యూనీయా, యూనికోడా, యూనినేమా?

విజయవాడలో పుస్తకాల డీటీపీ చేసేవారూ, గుంటూరులో పాత ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనిలో ఉన్నవారూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. లైనక్స్ టెర్మినల్‌లో ఒక అక్షరం కోడూ పేరూ తెలుసుకోవాలంటే ఏ కమాండ్ వాడాలి? ఉబుంటులో తేలిగ్గా దొరికే ‘యూనికోడ్’ అనే కమాండా, గో భాషలో రాసిన ‘యూనీ’నా, యూనీయుటిల్స్ ప్యాకేజీలో వచ్చే ‘యూనినేమ్’నా, అసలు ఇవేవీ లేకుండా పైథాన్‌తోనే పని గడవదా? యూటీఎఫ్-8 అంటే ఏమిటో తెలిసినవారి కోసమే రాస్తున్నాను కాబట్టి ఆ సంగతులు ఇక్కడ చెప్పడం లేదు.

ఈ పనిముట్లను పోల్చేవారు సాధారణంగా ఒక్క గుర్తును తీసుకుని, యూరో గుర్తునో ఒక బాణం గుర్తునో ఇచ్చి, ఏది ఎంత సమాచారం చూపిస్తుందో చెబుతారు. తెలుగులో మన అవసరం అది కాదు. ‘గ’ కోడు 0సి17 అని తెలుసుకోవడానికి ఎవరికీ కమాండ్ అక్కర్లేదు, పట్టిక చూస్తే చాలు. కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలను కంప్యూటర్ వేరు వేరుగా ఎందుకు చూస్తోందన్నదే ఎప్పుడూ మన ముందుకొచ్చే సమస్య. అందువల్ల ఒక మాటను పూర్తిగా విప్పి, అందులోని కోడులను వరుస తప్పకుండా, ఒక్కో కోడుకు ఒక్కో లైను చొప్పున, కంటికి కనిపించనివాటిని కూడా పేరుపెట్టి చూపించడమే నా దృష్టిలో అసలైన పరీక్ష.

గుంటూరు పేరునే తీసుకోండి. చూడటానికి మూడక్షరాలే గాని లోపల ఏడు కోడులు ఉంటాయి: గ, కొమ్ము, సున్న, ట, కొమ్ము దీర్ఘం, ర, మళ్లీ కొమ్ము. ఇందులో సున్న కోడు 0సి02, యూనికోడ్ దానికి పెట్టిన పేరు ‘తెలుగు సైన్ అనుస్వార’. అయితే ఎన్నో ఫైళ్లలో ఆ స్థానంలో 0సి66, అంటే తెలుగు అంకె సున్నా కూర్చుని ఉంటుంది. ‘గుంటూరు’, ‘గు౦టూరు’ అని పక్కపక్కన పెట్టినా చాలా ఫాంట్లలో తేడా పట్టుకోవడం కష్టం. ముద్రించిన పేజీకి దీనివల్ల నష్టం లేదు గాని, అదే పాఠాన్ని వెతకబోతే ఆ ఊరి పేరు దొరకదు, విషయసూచిక తయారుచేస్తే ఒకే ఊరు రెండు చోట్ల వస్తుంది.

రెండో ఉదాహరణ కూడా గుంటూరుదే. ‘అరండల్‌పేట’ అని సరిగ్గా కనబడాలంటే పొల్లు లకారానికీ పకారానికీ మధ్య ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ (రెండు అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని కోడు) ఉండాలి, లేకపోతే ‘అరండల్పేట’ అని లకారం కింద పవత్తు వచ్చేస్తుంది. మొదటిదానిలో పది కోడులు, రెండోదానిలో తొమ్మిది. ఇది అవసరమైన చోటు. కానీ పొల్లుతో ముగిసే మాట తర్వాత ఖాళీ వచ్చే చోట కూడా, ఏ ప్రయోజనమూ లేకుండా, ఇదే కోడు దాగి ఉండటం మన వార్తాపాఠాల్లో సర్వసాధారణం. దాన్ని కంటితో కనిపెట్టే ఉపాయం లేదు.

ఈ రెండు మాటలను ఇచ్చి చూసినప్పుడు ‘యూనికోడ్’ కమాండ్ మంచి సమాచారమే ఇస్తుంది. రాదోవన్ గరాబీక్ పైథాన్‌లో రాసిన ఈ కమాండ్ డెబియన్, ఉబుంటులలో ప్రోగ్రాములను దించే ఆప్ట్‌తో ఒక్క మాటలో దిగుతుంది. పేరు, యూటీఎఫ్-8 బైట్లు, దశాంశ సంఖ్య, వర్గం, రాత దిశ అన్నీ చెబుతుంది. విడదీయదగిన గుర్తయితే ఏయే కోడులుగా విడిపోతుందో కూడా చూపిస్తుంది. ఐత్వం కోడు 0సి48 ఎత్వంగానూ, దాని కింద వచ్చే ఐ గుర్తుగానూ విడిపోతుందని, తెలుగు బ్లాకులో అలా విడిపోయేది అదొక్కటేనని చాలామందికి తెలియదు. ‘యూనికోడ్’ ఆ సంగతిని అడగకుండానే చెబుతుంది. ఒక్క అక్షరం గురించి లోతుగా తెలుసుకోవాలంటే దీన్ని మించినది నేను చూడలేదు. అయితే ఒక్కో కోడుకు నాలుగైదు లైన్లు రావడం వల్ల ‘అరండల్‌పేట’ అన్న ఒక్క మాటకే తెర నిండిపోతుంది, మనం వెతుకుతున్న ఆ ఒక్క లైను మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది. పైగా ఫలితాలు ఎక్కువైతే కొన్ని చూపించి ఆగిపోతుంది. మ్యాక్స్ ఆప్షన్‌కు 0 ఇస్తే ఆ పరిమితి తొలగుతుంది. మాటను ఇచ్చేటప్పుడు స్ట్రింగ్ ఆప్షన్ కూడా చేర్చడం మంచిది, లేకపోతే మనం ఇచ్చింది అక్షరమా, కోడా, పేరులో వెతకవలసిన ముక్కా అన్నది అది ఊహించుకోవలసి వస్తుంది.

‘యూనీ’ ఆ ఊహకు తావు ఇవ్వదు. గుర్తించడానికి ఐడెంటిఫై, పేరుతో వెతకడానికి సెర్చ్, కోడు ఇచ్చి చూడటానికి ప్రింట్ అని వేరు వేరు ఉపకమాండ్లు ఉన్నాయి. ఐడెంటిఫైకి మాట ఇస్తే ఒక్కో కోడుకు ఒకే లైను వస్తుంది: గుర్తు, కోడు, దశాంశం, బైట్లు, హెచ్‌టీఎమ్ఎల్ రూపం, చివర పేరు. ‘గు౦టూరు’ను ఇస్తే ఏడు లైన్లలో మూడోది ‘తెలుగు డిజిట్ జీరో’ అని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘అరండల్‌పేట’కు ఏడో లైనులో నాన్ జాయినర్ పేరు పడుతుంది. ఇదే నాకు కావలసింది. పైపు ద్వారా కూడా పాఠాన్ని తీసుకుంటుంది కాబట్టి ఫైలులో వెతికే గ్రెప్ కమాండ్‌తో పట్టిన లైనును నేరుగా దీనికి అందించవచ్చు, ఏ కాలమ్‌లు కావాలో ఫార్మాట్ ఆప్షన్‌తో చెప్పుకోవచ్చు. టెర్మినళ్లలో తెలుగు ఒత్తులూ గుణింతాలూ ఇప్పటికీ సరిగ్గా కుదురుకోవు కనుక గుర్తు కాలమ్‌ను నమ్మకుండా పేరు కాలమ్‌ను మాత్రమే చదవమని అందరికీ చెబుతుంటాను. ఆ పేర్లలో ‘ట’ టీటీఏ అని, ‘త’ టీఏ అని, ‘ళ’ ఎల్ఎల్ఏ అని ఉంటాయన్నది గుర్తుపెట్టుకుంటే సెర్చ్ కూడా బాగా ఉపయోగపడుతుంది. అక్షరాల సమాచారమంతా ఆ ఒక్క ఫైలులోనే ఇమిడి ఉంటుంది, పక్కన మరే ప్యాకేజీ అక్కర్లేదు. గిట్‌హబ్ నుంచి దించుకుని పెట్టుకోవాలన్నదే కొత్తవారికి కాస్త ఇబ్బంది. మాటలతో పనిచేసేవారు దీన్నే వాడాలని నా అభిప్రాయం.

పుస్తకమంతా చూడవలసి వస్తే మాత్రం లెక్క మారుతుంది. యూనీయుటిల్స్ భాషాశాస్త్రవేత్త బిల్ పోజర్ రాసిన పనిముట్ల కట్ట, అది కూడా ఆప్ట్‌లో దొరుకుతుంది. అందులోని యూనినేమ్‌కు ఫైలు ఇస్తే ప్రతి కోడునూ ఫైలు మొదటినుంచి అది ఎన్నో అక్షరమో, ఎన్నో బైటో చెప్పి మరీ చూపిస్తుంది. అంతకంటే నాకు విలువైనది దాని తోడు ‘యూనీహిస్ట్’. ఇది ఫైలులో ఏ కోడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఇస్తుంది. పేజీల సంఖ్యలన్నీ 1, 2, 3 అంకెల్లోనే ఉన్న పుస్తకంలో తెలుగు అంకె సున్నా వందలసార్లు వచ్చి, మిగతా తెలుగు అంకెలు ఒక్కసారి కూడా రాలేదంటే ఆ సున్నాలన్నీ అనుస్వారాలేనని వేరే పరిశీలన లేకుండానే తేలిపోతుంది. కన్నడ సున్న 0సి82 తెలుగు పాఠంలోకి వచ్చి చేరినా ఇక్కడే బయటపడుతుంది. కాబట్టి ముందు యూనీహిస్ట్‌తో పుస్తకాన్ని తూచి, అనుమానం వచ్చిన మాటలను యూనీతో విప్పి చూడటం సరైన క్రమం.

పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఎక్కడైనా ఉంటుంది, పేరూ వర్గమూ చెప్పడమే కాక పాఠాన్ని ఒకే రూపానికి తెచ్చే నార్మలైజ్ కూడా అందులోనే ఉంది, కాబట్టి తప్పులను మూకుమ్మడిగా సరిదిద్దే స్క్రిప్టుకు అదే తగినది. అయితే దాని సమాచారం పైథాన్ వెర్షన్‌ను బట్టి ఉంటుంది. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు (పొల్లు నకారానికి వాడిన ప్రత్యేక గుర్తుకు) 2021లో వచ్చిన యూనికోడ్ 14.0లో 0సి5డి కోడు దక్కింది. ఉబుంటు 22.04తో వచ్చే పైథాన్ 3.10 దగ్గర ఉన్నది యూనికోడ్ 13.0 సమాచారం, కనుక ఆ అక్షరం పేరు అడిగితే అలాంటి పేరే లేదని లోపం చూపిస్తుంది. పైథాన్ 3.11 నుంచి ఆ ఇబ్బంది లేదు. పాత పుస్తకాలతో పనిచేసేవారు ఏ పనిముట్టు ఎంచుకున్నా ముందు ఈ అక్షరాన్ని ఇచ్చి చూడాలి. పేరు రాకపోతే తప్పు ఫైలుది కాదు, పనిముట్టు పాతబడిందని అర్థం.

ఇక ‘యాస్కీ’ అనే కమాండ్ 128 గుర్తులకే పరిమితం, మనకు పనికిరాదు. ‘ఎక్స్ఎక్స్‌డీ’ పేర్లు చెప్పదు, బైట్లు మాత్రమే చూపిస్తుంది. ఏదీ దించుకోవడానికి వీలులేని సర్వర్ మీద అది చాలా సందర్భాల్లో ముందే ఉంటుంది. తెలుగు కోడులన్నీ ఈ0 బి0 లేదా ఈ0 బి1తో మొదలవుతాయి, వాటి మధ్య ఈ2 80 8సి కనిపిస్తే అది నాన్ జాయినర్.